రెక్కలయ్య మీద పంచాయితీ

మా మనవరాలి పెనిమిటి సీతారాములు బైలడిల్లా గనుల్లో పనిచేస్తాడు. నెల కిందట వాళ్ళ క్వార్టరుకు పోతే టీవీలో ఒక సినిమా చూపించాడు. ఒంటికి అతుక్కున్న బట్టలు తొడుక్కున్న మనిషొకడు ఆకాశంలోంచి దిగి తనలాంటి ఇంకొకడితో కొట్లాడాడు. ఆ కొట్లాటలో పాతిక మేడలు కూలాయి. వంతెన విరిగి బస్సులతో సహా నీళ్ళలో పడింది. ఆ వీరుడు ఒక పిల్లను చంకనేసుకుని ఎగిరిపోయాడు. సినిమా అయిపోయింది.

"మరి ఆ మేడలోళ్ళ సంగతేంది?" అని అడిగాను.

"ఏ మేడలు తాతా?"

"కూలినయి గదా. అండ్ల మనుషులు లేరా? వాళ్ళకు ఎవరు జవాబు చెప్పాలె?"

సీతారాములు నవ్వాడు. "ఇవి సూపర్‌హీరో కథలు తాతా. నీకు తెల్వదులే. మీ కాలంల ఇసొంటివి ఏడున్నయి? మీకంత దేవుళ్ళ కథలేనాయె."

ఆ మాటకు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మర్యాద కోసం నోరు మూసుకుని అన్నం తిని వచ్చేశాను. ఇప్పుడు కాగితం ముందు కూర్చున్నాను గనుక మూసుకోను.

నా పేరు రామనర్సయ్య. ఎర్రబోరు దగ్గర మా ఊళ్ళో నాలుగో తరగతి ప్యాసయిన మొదటి మనిషిని నేను. శబరి ఏటికి అవతలి ఒడ్డున వీధిబడిలో తెలుగు, కోంటాలో హిందీ నేర్చుకున్నాను. మా దిక్కు భాషలు దోర్లి, హల్బీ ఎవరూ నేర్పనక్కర లేకుండానే వచ్చాయి. బస్తరు సంస్థానం ఉన్న రోజుల్లో తహసీల్దారు కచేరీకి నా చేతిమీదుగా పోయిన అర్జీలు మూడు వందలకు తక్కువ ఉండవు. సంస్థానం దేశంలో కలిసిపోయాక రెండుసార్లు సర్పంచినయ్యాను. ఊరి బావి నేను తవ్వించిందే. ఇన్ని చేసిన మనిషిని ఆకాశంలో ఎగిరే వీరుడి గురించి నాకు తెలియదంటాడా! ఆ వీరుణ్ణి మా సంతలో నిలబెట్టిన సోమక్కకు చదివి వినిపించినవాణ్ణి నేను. అదే వీరుణ్ణి పంచాయితీలో నిలబెట్టి జవాబు అడిగిన ఊరు మాది.

సోమక్కది కూనవరం వైపు. పెళ్ళయి మా ఊరు వచ్చింది. పెనిమిటి శబరి మీద పడవ నడిపేవాడు. ఒక శ్రావణంలో ఏరు పడవనూ మనిషినీ కలిపి తీసుకుపోయింది. శవం కూడా దొరకలేదు. పిల్లలు లేరు. పుట్టింటివాళ్ళు రమ్మన్నా పోలేదు. సంతలో ఉప్పు, లంక పొగాకు అమ్ముకుంటూ ఉండిపోయింది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. సంత ఈ చివర ఆమె దగ్గితే ఆ చివర కోడిపుంజులు తలలెత్తేవి.

ఉప్పు మోదుగాకులో కట్టేది. పొగాకు మాత్రం కాగితంలో చుట్టేది. ఆ చిత్తుకాగితాలు పొగాకు కట్టలతో పాటే పడవ మీద వచ్చేవి. అది రెండో ప్రపంచయుద్ధం జరుగుతున్న కాలం. ఆ కట్టల్లో మద్రాసు వారపత్రిక తాలూకు పాత సంచికలు వచ్చేవి. వాటిలో ఒక పేజీ నిండా గళ్ళు గీసి, గడికొక బొమ్మ వేసి, బొమ్మల నోటి దగ్గర మాటలు రాసి ఒక కథ నడిపేవాళ్ళు. చుక్కల లోకం నుంచి దిగివచ్చిన ఒక మనిషికి వీపున ఇనుప రెక్కలు. రైలింజను ఎత్తుతాడు. మాట్లాడే యంత్రాలతో యుద్ధం చేస్తాడు. అచ్చులో అతనికి నోరు తిరగని సంస్కృతం పేరేదో ఉండేది. సోమక్క మొదటి రోజే దాన్ని పక్కన పెట్టి రెక్కలయ్య అన్నది. మా తాలూకా అంతటా ఆ పేరే నిలిచింది.

ఆ పేజీల్లో ఒక్కటి కూడా ఆమె పొగాకు చుట్టడానికి వాడలేదు. అన్నీ నారతో కుట్టి పుస్తకం చేసింది. సంతరోజు పొద్దున నేను చదివి చెప్పేవాణ్ణి. మధ్యలో పేజీలు దొరికేవి కావు. ఒక వారం రెక్కలయ్య యంత్రాల చెరలో ఉంటే, తరువాత దొరికిన పేజీలో చంద్రుడి మీద భోంచేస్తూ ఉండేవాడు.

"మధ్యల ఏమైందక్కా?" అనేవాణ్ణి.

"నువ్వు చదువుడు వరకే తమ్మీ. అయ్యిందేందో నేను చెప్త."

మధ్యాహ్నానికి బేరాలు తగ్గాక ఆమె పుస్తకం విప్పేది. తెలుగులో మొదలుపెట్టి దోర్లిలోకి, అక్కడినుంచి హల్బీలోకి దూకుతూ కథ చెప్పేది. చుట్టూ యాభై అరవై మంది చేరేవాళ్ళు. దొరకని పేజీల చోట రెక్కలయ్య మా శబరికి వచ్చేవాడు. వరదలో మునిగిన పడవలను ఒంటి చేత్తో ఎత్తేవాడు. ఆ పడవల్లో మనుషులు ప్రతిసారీ బతికేవాళ్ళు. అది కాగితంలో లేదని నాకొక్కడికే తెలుసు. నేనెప్పుడూ ఎవరితో అనలేదు.

విన్నవాళ్ళు పిడికెడు ఇప్పపువ్వో, చింతపండో ఇచ్చేవాళ్ళు. ఆమె ఆ పిడికిలిని ముందు పుస్తకానికి తాకించి, "ఇది నాకు గాదు, రెక్కలయ్యకు" అని నవ్వుతూ బుట్టలో వేసుకునేది. ఆ ఒక్క మాటే ఆమె చేసిన పొరపాటు. మా దిక్కున ఉత్త ఖరీదు వేరు, ముడుపు వేరు. ముడుపు పుచ్చుకున్నవాడు పని చెయ్యాలి.

ఎందుకంటే మా ఊళ్ళో వేల్పులకు కూడా పంచాయితీ ఉండేది. కొత్తవడ్ల పండుగకు ముందు ఒక పగలు ఇప్పచెట్టు కింద జనం కూడి, వేల్పులుగా కొలిచే కర్రలను వరుసగా నిలబెట్టి, ఎవరికి ఏ కష్టం వచ్చిందో చెప్పేవాళ్ళు. కోళ్ళు తిని జ్వరాలు ఆపని వేల్పును నిలదీసేవాళ్ళు. తప్పు రుజువైతే ఆ వేల్పును పొలిమేర అవతలి రాళ్ళగుట్ట మీద పారేసి వచ్చేవాళ్ళు. ఇక ఎవరూ దాని పేరెత్తకూడదు. చిన్న తప్పయితే గడువు ఇచ్చేవాళ్ళు. తీర్పు చెప్పేది కోస అనే పూజారి. దోర్ల తెగ మనిషి, సన్నగా చింతబరికెలా ఉండేవాడు. ఆయన నవ్వగా నేను చూసింది ఒక్కసారే. అది కథ చివర వస్తుంది.

కథలు మొదలైన రెండో ఏడు శబరి పొంగి భీమా అనే రైతు కాడెడ్లను ఒడ్డున కట్టుగొయ్యలతో సహా ఊడ్చుకుపోయింది. పంచాయితీ రోజు భీమా లేచి వేల్పుల కర్రల వైపు చూడలేదు. సోమక్క వైపు చెయ్యి చూపించాడు.

"రెక్కలయ్యను పిలువుండ్రి. రెండేండ్ల సంది ప్రతి సంతకు పిడికెడు పెట్టిన. తీసుకున్నడు. ఏట్ల కొట్టుకపోయేటోళ్ళను ఎత్తుతడని అక్క చెప్పింది. నా ఎడ్లు కొట్టుకపోయిన నాడు యాడున్నడు?"

ఒకరిద్దరు నవ్వారు. కోస కళ్ళెత్తి చూసేసరికి ఆ నవ్వులు ఆగిపోయాయి. సోమక్క ఇంటికి పోయి పుస్తకం తెచ్చి వేల్పుల వరుసలో పెట్టింది. తప్పని తేలితే పుస్తకం రాళ్ళగుట్ట మీదికి పోతుంది. ఒక్క వానకు ముద్దయిపోతుంది. ఆ కథ ఆమె మళ్ళీ నోట పలకడానికి వీల్లేదు.

నేను లేచాను. మూడు వందల అర్జీలు రాసిన చెయ్యి గదా! తహసీల్దారు ముందు నిలబడినట్టే నిలబడ్డాను.

"పెద్దలారా, ఇది వేల్పు గాదు. మద్రాసుల ఎవలో కూసోని గీసిన బొమ్మ. ఉత్త అబద్ధం. అబద్ధం మీద పంచాయితీ ఎట్ల చేస్తరు?"

కోస నన్ను ఎగాదిగా చూశాడు. "అబద్ధమా?"

"అబద్ధమే."

"అట్లయితే గుట్ట దాకెందుకు? పొయ్యిల పెట్టు. ఇప్పుడే."

నా జీవితంలో నేను ఓడిపోయిన వాదన అదొక్కటే. చదువుకున్నవాణ్ణని గర్వపడి, నేను కాపాడవలసినదాన్ని నేనే చిత్తుకాగితం చేశాను.

సోమక్క నావైపు తిరిగింది. "నీ సదువు సల్లగుండ, కూసో తమ్మీ. రెండేండ్లు సదివినవు. పేజీ దొరకకుంటే ఏమైందక్కా అని నన్నే అడిగినవు. అబద్ధానికేనా?" నేను కూర్చున్నాను. ఆమె పంచాయితీ ముందుకు పోయింది.

"పూజారీ, భీమా అడిగింది న్యాయం. రెక్కలయ్య రాలే. తప్పే. గని ఏట్ల మునిగినోళ్ళను ఎత్తుతడని ఆయన కాగితంల యాడ చెప్పలే. అది నేను కలిపిన. ఆ మాట నాది. నా మొగడు పోయిన ఏరు అది. కథలనన్న ఒడ్డుకు ఎక్కాలని కలిపిన. నన్ను గుట్ట మీద పారేయుండ్రి. ఆయన్ను పారేయకుండ్రి."

భీమా పెళ్ళాం ముయె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరికి కోస అన్నాడు:

"మాట ఇచ్చింది సోమక్క. సదివింది నర్సయ్య. ముడుపు తిన్నది రెక్కలయ్య. ముగ్గురిది తప్పే. నర్సయ్య కాడెడ్లు భీమా చేను దున్నాలె. రెక్కలయ్య వచ్చే పంచాయితీ దాకా వేల్పుల గుడిసెల నా దగ్గర ఉంటడు. అప్పటిదాక ఎగరొద్దు. సోమక్క కథ చెప్తే నడిచే కథే చెప్పాలె. పిడికిలి తీసుకోవద్దు. భీమా మల్ల వచ్చి మంచిగయింది అంటేనే విడుదల."

అదీ తీర్పు. సీతారాములు సినిమాలో ఇలాంటి తీర్పు ఎక్కడైనా ఉందా? పాతిక మేడలు కూల్చినవాడికి ఒక్క ఇటుక మోసే శిక్షయినా పడిందా?

నా ఎడ్లు భీమా చేను దున్నాయి. నాగలి వెనక నేనే నడిచాను. నాలుగో తరగతి ప్యాసయినవాడు ఇంకొకడి చేను దున్నుతున్నాడని ఎర్రబోరు అంతా చూసి పోయింది. పోనీండి.

సోమక్క సంతలో ఖాళీ చేతులతో కథ మొదలుపెట్టింది. రెక్కలు విప్పి గుడిసెలో పెట్టిన వీరుడు ఎర్రబోరు దారిలో నడుస్తున్నాడు. కాళ్ళకు ముళ్ళు గుచ్చుకుంటున్నాయి. నాటు వేయబోతే జలగలు పట్టాయి. రైలింజను ఎత్తినవాడికి కావడి భుజం మీద నిలవడం లేదు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. అరవై మంది నూరయ్యారు. అందరికంటే ముందు కూర్చునేది భీమా.

"అట్ల గాదక్కా. మేడి గట్టిగ పట్టుమను. సాలు వంకరపోతంది."

"ఆయనకు చుక్కల లోకంల నాగలి లేదు భీమా. నేర్చుకుంటండు."

"ఎన్నొద్దులు నేర్చుకుంటడు? ఎడ్లు నవ్వుతున్నయి."

ఆ ఏడాదిలో రెక్కలయ్య దున్నడం నేర్చుకున్నాడు. అంబలి తాగడం నేర్చుకున్నాడు. ఏరు పొంగిన రోజు ఎగరలేక ఒడ్డున నిలబడి అందరిలాగే తాడు విసిరాడు. ఆ తాడు కొందరికి అందింది. కొందరికి అందలేదు. ఆ భాగం చెప్పిన రోజు సోమక్క మధ్యలో ఆగి నీళ్ళు తాగింది. ఎవరూ లేవలేదు.

మళ్ళీ పంచాయితీ వచ్చింది. కోస అడిగితే భీమా నిలబడి, "మంచిగ దున్నిండు" అన్నాడు. అది నా ఎడ్ల సంగతో, ఆమె కథ సంగతో ఎవరూ అడగలేదు. కోస గుడిసెలోకి పోయి పుస్తకం తెచ్చి సోమక్క చేతిలో పెట్టాడు. ఆమె విప్పి చూసింది. వెంటనే ఆ పెద్ద గొంతు లేచింది.

"ఏంది పూజారీ ఇది? ఎలుకలు కొట్టినయి! చివరి ఎనిమిది కాగితాలు లేవు! నీ చేతికి అప్పజెప్పిన. దీనికి జవాబు ఎవలిది?"

పూజారి మీద ఫిర్యాదు మా ఊళ్ళో అదే మొదలు. జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. తీర్పు చెప్పేవాడే ముద్దాయి అయ్యాడు. కోస వేల్పుల కర్రల పక్కన, కిందటేడు పుస్తకం పెట్టిన చోటనే, తనే పోయి నిలబడ్డాడు.

"తప్పే," అన్నాడు. "ఏం చెయ్యమంటవు?"

"పోయిన కాగితాలు తేవాలె."

"యాడికెల్లి తేవాలె అక్కా? సదువు రాదు నాకు." ఆయన గొంతు తగ్గింది. "గని అవి కొట్టకముందు దినాం చూసిన. దీపం పెట్టినంక రోజు విప్పి చూసేటోణ్ణి. ఏ గడిల ఏం బొమ్మ ఉన్నదో నాకు తెలుసు."

అప్పుడు ఇప్పచెట్టు కింద లేచిన నవ్వు నేను ఇప్పటికీ మరచిపోలేదు. కోస కూడా నవ్వాడు. ఆ నవ్వే నేను చూసింది.

తరువాతి సంతలో పూజారి కోస సోమక్క ఉప్పుబుట్ట పక్కన గొంతుక్కూర్చుని, నేల మీద పుల్లతో గళ్ళు గీస్తూ పోయిన ఎనిమిది కాగితాలూ చెప్పాడు. ఆయన చెప్పిన దాంట్లో రెక్కలయ్య రెక్కలు చిన్నగా ఉన్నాయి. "అంత పెద్దవి ఎందుకు? దున్నేటప్పుడు అడ్డమొస్తయి" అన్నాడు. ఎనిమిదో కాగితం పూర్తికాగానే ముందు వరుసలోంచి ముయె పిడికెడు ఇప్పపువ్వు చాచింది. ముడుపులు పట్టే అలవాటుకొద్దీ కోస చెయ్యి ముందుకు పోయింది.

సోమక్క ఆ చేతి మీద ఒక్కటి వేసింది.

"తీసుకోకు పూజారీ. తీసుకుంటే వచ్చే ఏడు నీ మీద నేనే లేస్త."