హోబర్ట్ తలాపున నాటిన డాగ్‌వుడ్

డెల్ఫా టీగ్ రెండేళ్లు శ్మశానంలోనే కాపురం పెట్టినట్టు తిరిగితే, మొగుడు హోబర్ట్ మీద బెంగ అనుకున్నాం. అనుకోవడానికేం, నోరుంటే చాలు.

హోబర్ట్ పోయినప్పుడు ఆమె పుట్టింటి కొండెక్కి డాగ్‌వుడ్ అనే తెల్లపూల చెట్టు మొక్కనొకటి తవ్వి తెచ్చి అతని తలాపున నాటింది. పుట్టిన కొండ మొక్కకే సత్తువ అని మావాళ్ల నమ్మకం. కానీ ఆమె చిన్నప్పుడే సర్కారు ఆ కొండను జాతీయ వనం కోసం తీసుకుని ఇళ్లు ఖాళీ చేయించింది. ఇప్పుడక్కడ ఆకు తెంపినా జరిమానా. అందుకే నర్సరీలో కొన్నానని అందరికీ చెప్పింది.

పక్కనే హోబర్ట్ అక్క రుతీన్ తన తల్లి సమాధి దగ్గర పెంచిన పెద్ద డాగ్‌వుడ్ ఉంది. కొన్నాళ్లకు దాని ఆకుల మీద ఊదా అంచు మచ్చలు లేచాయి. కింది కొమ్మలు ముందు ఎండాయి. ఎండుటాకులు చలికాలమంతా రాలక వేలాడాయి. వ్యవసాయ శాఖ మనిషి చూసి, "ఇది కొండ తెగులు. ఇక్కడెవరైనా అడవి మొక్క నాటారా?" అని అడిగాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటారంటారు. డెల్ఫా తడుముకోలేదు, వంగి గడ్డి పీకుతూనే ఉంది.

ఆనాటి నుంచి తప్పు చేశానన్న బాధ ఆమెను నిలవనివ్వలేదు. ఒక్క ఆకు కూడా ఉండకూడదంటూ రుతీన్ చెట్టు కింద ఆకులు ఏరి కాల్చేది. పొడి రోజు చూసి ఎండు కొమ్మలూ, మానుకు లేచిన పిలకలూ కోసేది. తెగులు మానులోకి దిగేది ఆ పిలకల గుండానే. ఆకు తడవకుండా చెట్టు మొదలు దగ్గరే నీళ్లు పోసేది. హోబర్ట్ తలాపున తను నాటిన చెట్టుకూ ఆ మచ్చలున్నా, దాన్ని మాత్రం ముట్టుకోలేదు.

సమాధులకు పూలు పెట్టే ఆదివారం వచ్చింది. హోబర్ట్ చెట్టు ఆ ఏడే మొదటిసారి పూసింది. అవే చాలని డెల్ఫా వేరే పూలు తేలేదు. చర్చి బయట బల్లల మీద భోజనాలు. రుతీన్ తాను చేసిన ఎండు ఆపిల్ పొరల కేకు ముందు ఆమెకే కోసింది.

"తినవే. అమ్మ చెట్టుకు నువ్వు చేసినంత నా కడుపున పుట్టినోళ్లు చెయ్యలేదు."

డెల్ఫా పళ్లెం బల్ల మీద పెట్టేసింది. "వదినా, తెగులు తెచ్చింది నేనే. మీ తమ్ముడి చెట్టు కొన్నది కాదు. మా కొండ మీద దొంగతనంగా తవ్వుకొచ్చా."

"ఆ వ్యవసాయ శాఖాయన అడిగినప్పుడు నీ నోరేమైంది?"

"నరికెయ్యమంటాడని భయమేసింది."

రుతీన్ పళ్లెం వెనక్కి లాక్కుంది. బండిలోంచి రంపం తెచ్చి చేతికిచ్చింది. డెల్ఫా ఏడుస్తూనే హోబర్ట్ చెట్టును కోసింది. పూలున్న రెమ్మ ఒకటి సమాధి మీద పెట్టబోతే రుతీన్ చెయ్యి పట్టుకుంది.

"ఒక్క ఆకు కూడా ఉండకూడదన్నది నువ్వే కదా."

అంతా కాల్చేశారు. ఆ ఆదివారం మా శ్మశానంలో పువ్వు లేని సమాధి హోబర్ట్‌దొక్కటే.