బొటనవేలికి బొట్టు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక పిస్తోలు ఉండేది. ఈ మాట అనగానే వినేవాళ్లు కాస్త సర్దుకుని కూర్చుంటారు, ఏదో పెద్ద కథ రాబోతోందని. రాదు. ఆ పిస్తోలు ఎవరినీ కాల్చలేదు, దానికోసం ఎవరూ గోడ దూకలేదు. మా ఇంట్లో అందరికంటే ఎక్కువ విశ్రాంతి తీసుకున్నది అదే. మా బాపు మిలట్రీ నుంచి వచ్చాక లైసెన్సు తీసుకుని దాన్ని కొనుక్కున్నాడు. మొయినాబాద్ చుట్టుపక్కల భూముల వ్యాపారం చేసే ఒక సేటు దగ్గర గన్‌మన్‌గా ఉండేవాడు. సేటు వెనక నల్లద్దాలు పెట్టుకుని నిలబడటమే ఉద్యోగం. నల్లద్దాల వల్ల ఎంకపల్లిలో మా ఇంటికి కొంత గౌరవం ఉండేది. అవి తీస్తే బాపు అందరిలాంటి మనిషే.

మా నాయనమ్మ దసరాకు ఇంట్లో ఉన్న ప్రతి పనిముట్టుకూ బొట్టు పెట్టేది. కొడవలి, గడ్డపార, బైకు వరకూ సరే. ఆమె అక్కడ ఆగేది కాదు. గ్యాస్ పొయ్యి, మిక్సీ, అమ్మ కుట్టుమిషను, టీవీ రిమోటు, నా కంపాసు పెట్టె అన్నీ వరసగా బొట్లు పెట్టించుకునేవి. కంపాసుకు బొట్టు పెట్టినా నా లెక్కల మార్కులు కదల్లేదు, కానీ అది నాయనమ్మ తప్పు కాదు. చివర్లో బాపు పిస్తోలు ఖాళీ చేసి, తూటాలు బీరువాలో పెట్టి తాళం వేసి, పీట మీద ఎర్రగుడ్డ పరిచి దాన్ని పడుకోబెట్టేవాడు. నాయనమ్మ దాని పిడి చివర వేలికొనతో చుక్కంత గంధం, ఆ పైన కుంకుమ పెట్టి, "సల్లంగ చూడు తల్లీ, నిన్ను బయటికి తీసే పని పడొద్దు" అని మొక్కేది. ఆయుధాన్ని ఇంత బద్ధకంగా ఉండమని వేడుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

పిస్తోలు గురించి ఒక్క సంగతి చెప్పాలి. పైనున్న ఇనుప తొడుగును స్లైడు అంటారు. కాల్చినప్పుడల్లా అది వెనక్కి పోయి ముందుకొస్తుంది. చివరి తూటా పేలాక మాత్రం వెనక్కి పోయి అక్కడే ఆగాలి, నోరు తెరిచి ఉండిపోయినట్టు. లోపల ఇంకేమీ లేదని అది మనిషికి చెప్పే పద్ధతి. దాన్ని అలా ఆపేది పక్కనున్న గోరంత మీట. సమయానికి ఆ మీట పైకి లేస్తే స్లైడు ఆగుతుంది, లేవకపోతే మూసుకుంటుంది. అంతే.

ప్రతి ఏడూ దసరా వెళ్లగానే సేటు మా బాపును చేవెళ్ల వైపున్న షూటింగ్ రేంజికి తీసుకెళ్లి కాల్పించి చూసేవాడు. ఆ ఏడు సేటు కొడుకు ఫోనులో ఏవో విదేశీ వీడియోలు చూపించి, రెండు బొటనవేళ్లూ ముందుకు చాచి పట్టుకుంటే భలే స్టైలుగా ఉంటుందని చెప్పాడు. పండుగకు ముందు బాపు అద్దం ముందు నిలబడి దువ్వెనతో అదే సాధన చేశాడు. అద్దంలో మనిషి ఎదురుతిరిగింది లేదు కాబట్టి, వచ్చేసిందనుకున్నాడు.

రేంజిలో ఏం జరిగిందో బాపు మాకు చెప్పలేదు. సేటు కారు నడిపే మా చిన్నాన్న చెప్పాడు, నటించి మరీ. తూటాలు అయిపోయినా స్లైడు ఆగలేదట, మూసుకుందట. ఇంకా ఉన్నాయనుకుని బాపు మళ్లీ నొక్కాడట. టిక్. మళ్లీ నొక్కాడట. టిక్. "గోలీలు ఒడిసినయని నీకే తెల్వకపాయె. రేపు ఎవడన్న నా మీదికొస్తే టిక్కు టిక్కుమని బెదిరిస్తవా?" అన్నాడట సేటు. వచ్చే ఆదివారం మళ్లీ చూస్తాననీ, అప్పుడూ ఇట్లే ఉంటే వేరే మనిషిని వెతుక్కుంటాననీ చెప్పి కారెక్కాడట.

ఆ వారం మా ఇల్లు ఒక చిన్న దవాఖాన. పాత చీర పరిచి, దాని మీద పిస్తోలును ముక్కలుగా విప్పి, బాపు కిరసనాయిలుతో కడిగాడు. సందుల్లోకి పోవడానికి నా టూత్‌బ్రష్షు తీసుకున్నాడు. మళ్లీ తెచ్చి దాని చోట్లోనే పెట్టబోతే అమ్మ ఆపింది. తూటాలు పట్టే మ్యాగజైన్ లోపలి స్ప్రింగు మార్చాడు. చేత్తో లాగి చూస్తే స్లైడు చక్కగా ఆగుతోంది. ఇంట్లో బుద్ధిగా ఉండి బయట పరువు తీయడమనే విద్య అప్పటిదాకా నాకొక్కదానికే వచ్చనుకున్నాను.

శుక్రవారం బాపుకు పిస్తోలు లోపల ఒక మూల ఎర్రటి పొడి కనిపించింది. చీమ తలకాయంత. అందరూ అన్నానికి కూర్చున్నప్పుడు దాన్ని సూది మొన మీద తెచ్చి నాయనమ్మ మొహం ముందు పెట్టాడు.

"ఇదిగో, నీ బొట్టు. లోపలికి పోయి కూసున్నది. నీ బొట్టు నా నౌకరీ తింటున్నదే అవ్వా!"

"నేను పిడికే పెట్టిన గద కొడుకా" అంది నాయనమ్మ.

"పిడికి పెట్టినవో, ఏడ పెట్టినవో! అన్నిట్ల నీ చెయ్యి పెడుతవు."

అప్పుడు మా చిన్నాన్న అన్నం కలుపుతూ, "ఎందుకు లొల్లి అన్నా, అవ్వ దానితోని గూడ ఒక్కపొద్దు పట్టించినట్టున్నది. నోరు తెరుస్తలేదు" అన్నాడు. అందరం నవ్వాం. నేనైతే పొలమారేదాకా నవ్వాను. నాయనమ్మ కూడా నవ్వింది. అందరి నవ్వూ అయిపోయాక, కాస్త ఆలస్యంగా.

భోజనాలయ్యాక ఆమె కుంకుమ భరిణెను దేవుడి గూట్లోంచి తీసి అటక మీద పాత గిన్నెల వెనక పెట్టింది. తెల్లారి, ఆలూరులో మా మేనత్త వాళ్లు క్యారెట్ పీకుతున్నారనీ, కూలీలు దొరకడం లేదనీ చెప్పి, సంచి సర్దుకుని బస్సెక్కింది. ఎప్పుడొస్తావని అమ్మ అడిగితే, "గీ ఇంట్ల నా చెయ్యి పెట్టే పని ఏమున్నది?" అంది. గొంతు పెంచలేదు. పెంచితే మేమూ పెంచేవాళ్లం, అక్కడికి సరిపోయేది. బాపు బైకు తుడుస్తూనే ఉన్నాడు, అప్పటికే మెరుస్తున్న చోట.

ఆదివారానికి ముందే ఒకసారి ఒంటరిగా కాల్చి చూసుకోవాలని ఆ పొద్దునే బాపు రేంజికి బయల్దేరాడు. అమ్మ కుట్టుపని ఇచ్చి రావడానికి మోకిల వెళ్లింది. నన్ను చూసుకునే మనిషేమో ఆలూరు బస్సులో ఉంది. అందుకని నన్నూ బైకెక్కించుకున్నాడు. రేంజిలో కాల్చేవాళ్లు నిలబడే గీత వెనకాల బల్ల మీద కూర్చోబెట్టి, నా చెవులకు పెద్దవాళ్ల చెవిమూతలు తగిలించారు. తల తిప్పితే అవి ఒక క్షణం తర్వాత తిరిగేవి.

అక్కడ ఆయుధాలు చూసుకునే మామ, బాపుతో మిలట్రీలో కలిసి ఉన్నవాడు. దసరాకు ఊరెళ్లి అప్పుడే వచ్చాడు. బాపు తన కష్టమంతా చెప్పుకున్నాడు. స్ప్రింగు, మ్యాగజైన్, కిరసనాయిలు, ఆఖరున మా నాయనమ్మ బొట్టు. మామ అంతా విని, "చీమ తలకాయంత కుంకుమ ఇనుమును ఆపుతదా? మనకు మిలట్రీల రైఫిళ్లెందుకు ఇచ్చిన్రు మరి, తలా ఒక పొట్లమిస్తే అయిపోవు" అన్నాడు.

మామ కాల్చాడు. ఆఖరి తూటాకు స్లైడు ఆగి నోరు తెరిచింది. బాపు కాల్చాడు. మూసుకుంది. మామ మళ్లీ కాల్చాడు, తెరిచింది. బాపు మళ్లీ కాల్చాడు, మూసుకుంది. కొన్నవాడిని వదిలేసి అది పరాయివాడి మాట వింటోంది. బాపు కాలుస్తున్నంతసేపూ మామ గురి వైపు చూడలేదు, బాపు చేతుల వైపే చూశాడు.

తర్వాత జేబులోంచి ఒక కాగితం పొట్లం తీశాడు. ఊళ్లో అమ్మవారి గుడి దగ్గర ఇచ్చిన కుంకుమ. ఖాళీ పిస్తోలు అడిగి తీసుకుని, చుక్క నూనెలో కుంకుమ కలిపి, ఆ గోరంత మీట మీద మందంగా పూశాడు. "తప్పు కుంకుమదే అంటున్నవు గద. జర ఎక్కువనే పెట్టిన. కాల్చు" అన్నాడు.

బాపు కాల్చాడు. స్లైడు ఆగలేదు.

"సూసినవా? నేను చెప్తలేనా?" అన్నాడు బాపు. ఉద్యోగం పోయే మనిషి గొంతులా లేదు అది. పందెం గెలిచినవాడి గొంతు.

"సూసిన. చేతులు కడుక్కోపో. నేను చాయ్ తెస్త" అని మామ పిస్తోలును ఖాళీ చేయించి, బల్ల మీద పెట్టించి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

బాపు నల్లా తిప్పాడు. నీళ్లు పడుతున్నాయి. చేతులు మాత్రం కిందికి పోలేదు. కుడిచేతి బొటనవేలు పైనుంచి కిందిదాకా ఎర్రగా ఉంది, పెళ్లిలో పూసినట్టు. ఆ మీటను పైకి లేవనివ్వకుండా అదిమి పట్టుకున్నది ఆ వేలే. స్టైలు కోసం ముందుకు చాచి, సరిగ్గా దాని మీదే ఆనించాడు. ఇంట్లో స్లైడు లాగి చూసినప్పుడు ఆ పట్టు లేదు, అందుకే ఆగింది. ఇదంతా నాకు తర్వాత అర్థమైంది. అప్పుడు అర్థమైంది ఒకటే, మా బాపు సిగ్గుపడుతున్నాడని. పెద్దవాళ్లు సిగ్గుపడతారని నాకు అంతవరకు తెలియదు. తిడతారనీ అలుగుతారనీ తెలుసు. నల్లద్దాలు నుదుటి మీదికి తోసి ఉన్నాయి, వాటిని కళ్లకు దించుకోవాలని కూడా ఆయనకు తోచలేదు. నేను నేల చూశాను. పొలమారేదాకా నవ్విన నా గొంతుకు అప్పుడు ఎంత వెతికినా ఒక్క జోకు దొరకలేదు.

నల్లా కట్టేసి, వేలు కడుక్కోకుండానే వచ్చి, బాపు పిస్తోలు అందుకుని తూటాలు నింపాడు. ఈసారి బొటనవేలును మిలట్రీలో నేర్పినట్టు కిందికి మడిచి పట్టుకున్నాడు. ఆఖరి తూటా పేలింది. స్లైడు వెనక్కి పోయి ఆగింది. మామ చాయ్ పట్టుకొచ్చాడు. బాపు చెయ్యి వైపు చూడలేదు, ఏమైందని అడగలేదు. వాళ్ల ఊళ్లో వానలెట్లా పడ్డాయో చాలాసేపు చెప్పాడు. కావాలనే ముందు వెళ్లిపోయి, కావాలనే ఆలస్యంగా వచ్చాడని గ్రహించడానికి నాకు ఏళ్లు పట్టింది. మనిషి తప్పు మనిషికి చూపించి, ఆ సమయానికి తాను అక్కడ లేకుండా పోవడం ఎంత కష్టమైన మర్యాదో, మావంటి నోటిదురుసు వాళ్లకు తెలుస్తుంది.

ఇంటికి పోవాల్సిన బైకు ఆలూరు దారి పట్టింది. బాపు బొటనవేలు హ్యాండిల్‌కు తగలకుండా పైకెత్తి పట్టుకుని నడిపాడు. ఎదురొచ్చేవాళ్లు తమను మెచ్చుకుంటున్నాడనుకుని చెయ్యి ఊపారు.

మా మేనత్త చేను గట్టు మీద నాయనమ్మ క్యారెట్లు కడుగుతోంది. మమ్మల్ని చూసి తల దించుకుని ఇంకా గట్టిగా కడిగింది. బాపు ఎదురుగా నిలబడి చెయ్యి చాచాడు. ఆమె ఒక్కసారి చూసి క్యారెట్లు వదిలేసింది. "అయ్యో కొడుకా, నెత్తురా? ఏమైంది రా?" అని ఆ వేలును రెండు చేతుల్లోకి తీసుకుని కొంగుతో అదిమింది. అలక ఎక్కడికి పోయిందో. తీసి చూస్తే, కొంగుకు అంటింది నెత్తురు కాదు.

"కుంకుమ" అన్నాడు బాపు. "పిస్తోలుకేం కాలేదే అవ్వా. నీ బొట్టు గూడ ఏం చెయ్యలే. నా వేలే అడ్డమున్నది. నేనే..."

నాయనమ్మ ఆ వేలును అటూ ఇటూ తిప్పి చూసింది. "గట్లనా" అంది. "ఇన్నేండ్ల సంది అన్నిటికి పెట్టిన గని, దీనికి పెట్టకపోతిని."

ఆమె వెంటనే మాతో వచ్చేసిందంటే అబద్ధం. క్యారెట్ పని అయ్యేదాకా రానంది. అయ్యాక కూడా కావాలనే ఇంకొన్నాళ్లు ఉంది. ఆదివారం స్లైడు ఆగింది, సేటు తలూపాడు, బాపు ఉద్యోగం నిలిచింది. ఇంట్లో ఎవరికీ అంత సంతోషం కలగలేదు. అటక మీది నుంచి భరిణె దింపి గూట్లో పెట్టింది బాపే. తుడిచి పెట్టాడు.

మరుసటి దసరాకు బాపు పిస్తోలు తెచ్చి పీట మీద పెట్టాడు. నాయనమ్మ పిడికి బొట్టు పెట్టి, "చెయ్యి తే" అంది. బాపు చాచాడు. బొటనవేలి మీద ఒక చుక్క. చిన్నాన్న నోరు తెరవబోయి, ఏదో గుర్తొచ్చి మూసుకున్నాడు. అతనికీ ఒక చుక్క పడింది.

ఇప్పుడు బాపు గన్‌మన్ పని మానేశాడు, పిస్తోలు అప్పగించేశాడు. ఆ పీట మీద ఇప్పుడు నా ఆఫీసు లాప్‌టాప్ కూర్చుంటోంది. అది మొరాయిస్తే చార్జర్నో, నెట్‌నో, పక్క సీటు పిల్లనో తిట్టడానికి నోరు తెరిచే ముందు నా చెయ్యి ఎక్కడుందో చూసుకుంటాను. అన్నిసార్లూ కాదు. మా నాయనమ్మకు చూపు తగ్గింది, అయినా బొట్టు గురి తప్పదు. లాప్‌టాప్‌కు పెట్టాక, "ఈ ఏడు ఎవల మీద పెట్టినవే నీ తప్పు?" అని అడుగుతుంది. నేను వేలు చాపుతాను.

మొన్న దసరాకు రెండు చేతులూ చాపాను.