మారు వడ్డన

నాలుగేళ్ళ మా అమ్మాయి నన్ను "మీరు" అనేది. "మీరు ఇవాళ ఆఫీసుకి వెళ్తారాండీ?" "నాకు కాసిని మంచినీళ్ళు ఇస్తారాండీ?" ఇంటికొచ్చిన కొత్త చుట్టంతో మాట్లాడినట్టు, చేతులు రెండూ వెనక కట్టుకుని మరీ అడిగేది. కన్నతల్లిని. ఎవరికైనా చెబితే నవ్వేవారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది. ఆ మంట పిల్ల మీద చూపించలేక గిన్నెల మీద చూపించేదాన్ని.

సంగతేమిటంటే, దానికి ఏడాది నిండగానే తెనాలిలో మా అమ్మ దగ్గర వదిలి మేమిద్దరం సిడ్నీ వచ్చేశాం. వైటూకే రోజులు. కోబాల్ అనే కంప్యూటర్ భాష వచ్చు అంటే చాలు, పిలిచి విమానం ఎక్కిస్తున్నారు. కొత్త దేశం, ఇద్దరికీ ఉద్యోగాలు, పిల్లని చూసే దిక్కు లేదు. మా ఆఫీసులో ఉన్న మనవాళ్ళ పిల్లలు చాలామంది అమ్మమ్మల దగ్గరే పెరుగుతున్నారు. అది తప్పని అప్పుడు అనుకోలేదు, ఇప్పుడూ అనను. అనిపించాలని చూసినవాళ్ళతో పోట్లాడాను కూడా. కానీ తొంభైతొమ్మిదిలో పిల్లని తెచ్చుకున్నాక తెలిసింది, దాని లెక్కలో "అమ్మ" అంటే మా అమ్మ. నేను "సిడ్నీ అమ్మగారు".

మా ఆయన సంగతి వేరు. ఎయిర్‌పోర్టులోనే దాన్ని భుజాల మీదికి ఎక్కించుకున్నారు. కారు ఆపాక స్టీరింగు తిప్పనిచ్చారు. వారం తిరిగేసరికి "నాన్నా, నువ్వు గాడిదవి" అనిపించుకున్నారు. గాడిద అనిపించుకున్నందుకు ఆయన ముఖం వెలిగిపోయింది. నాకు ఏడుపొచ్చింది. నాకు కావలసింది కూడా ఆ ఒక్క మాటే. గాడిద అన్నా సరే, ముందు ఆ "నువ్వు" రావాలి.

కెల్లీవిల్‌లో కొత్తగా ఇల్లు కట్టుకున్న ఒక ఆంటీ మమ్మల్ని బార్బీకి, అంటే పెరట్లో పొయ్యి మీద కాల్చుకుని తినే విందుకి, పిలిచారు. మా పిల్ల నా దగ్గరికొచ్చి "మీరు కూడా తినండి" అని కాగితం ప్లేటు అందించింది. ఆంటీ బుగ్గలు నొక్కుకున్నారు. "అబ్బ, వాట్ మేనర్స్ అమ్మా మీ పాపకి. మావాణ్ణి తెలుగులో పలకరిస్తే వాటెవర్ మమ్ అనేసి వెళ్ళిపోతాడు. యూ ఆర్ సో లక్కీ" అన్నారు. నా అదృష్టాన్ని ఆ బార్బీ పొయ్యిలోనే పెట్టాలనిపించింది.

బతిమాలి చూశాను. "నన్ను నువ్వు అనాలమ్మా" అన్నాను ఒకరోజు తల దువ్వుతూ. అది కాసేపు ఆలోచించి, "మీరు నాన్నని మీరు అంటారు కదండీ" అంది. ఆ సాయంత్రం పట్టుదలగా మా ఆయన్ని "నువ్వు టీ తాగుతావా" అని అడిగాను. ఆయన కప్పు పట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. పిల్ల మాత్రం నావైపు జాలిగా చూసి, "తప్పండీ" అని చెప్పింది. కంపెనీ ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని వెతికి వెతికి నాలుగంకెలు చెయ్యడం నా ఉద్యోగం. ఇంట్లో ఒక్క మాట మార్చడం నాకు చేతకాలేదు.

ఆ పైన అది తిండి మానేసింది. రొట్టె ముట్టదు. బాస్మతి అన్నం పెడితే "పలుకు పలుకుగా ఉందండీ" అంటుంది. మా అమ్మ మెత్తగా వండి ముద్దలు చేసి పెట్టేది, దానికి ముద్ద కట్టే అన్నం కావాలి. చిక్కి సగమైంది. "నేను ఇంటికి ఎప్పుడు వెళ్తానండీ?" అని రోజూ అడిగేది. ఫోన్లో అమ్మ గొంతు మెత్తబడింది. "పిల్ల బెంగ పెట్టుకున్నట్టుందే. మొండికెయ్యకు. ఎవరైనా వస్తుంటే వాళ్ళతో పంపించెయ్యి, కాస్త పెద్దదయ్యాక తీసుకెళ్ళుదువుగాని" అంది. కెల్లీవిల్ ఆంటీ జనవరిలో ఇండియా వెళ్తున్నారు, తీసుకెళ్తానన్నారు. మా ఆయన సరే అన్నారు. నేను సరేననలేదు, కాదనడానికీ నా దగ్గర ఏమీ లేదు. ఇప్పుడు వెళ్తే ఇక నేను దానికి ఎప్పటికీ సిడ్నీ అమ్మగారినే. అది నాకు గట్టిగా తెలుసు.

ఆ నెలల్లో నా శనివారాలు కూడా ఆఫీసువే. పారమట్టాలో ఒక బీమా కంపెనీ, ఎక్కడ చూసినా టెస్టింగు. పేజర్ ఒకటి నడుముకి తగిలించి ఇచ్చారు, అది మోగితే ఎక్కడున్నా పరుగెత్తాలి. మామూలుగానే నేను కుదురుగా కూర్చునే రకం కాదు. కుర్చీలో ఉంటే కాలు ఊపుతాను, నిలబడితే గోళ్ళు కొరుకుతాను. మా ఆయన నన్ను కాలు కాలిన పిల్లి అంటారు. పేజర్ వచ్చాక అది మోగకపోయినా నడుము దగ్గర జలదరించేది, తడిమి చూసుకునేదాన్ని. కనీసం మధ్యాహ్నం భోజనమైనా పిల్లతో తిందామని, శనివారాలు దాన్ని తీసుకుని ఆఫీసు దగ్గరికి రమ్మని మా ఆయనకి చెప్పాను.

మొదటి శనివారం ఎక్కడ తినాలో తేలక వీధంతా తిరుగుతున్నాం. వేడిగాలి దుమ్ము కొడుతోంది. నేను గడియారం చూసుకుంటూ ముందు నడుస్తున్నాను. వెనక నుంచి పిల్ల "అన్నం" అంది. తిరిగి చూస్తే, ఒక చిన్న కొట్టు అద్దానికి ముక్కు ఆనించి నిలబడి ఉంది. లోపల గిన్నెలో తెల్లగా, ముద్దగా, ఆవిరి ఒక్కటే తక్కువగా అన్నం. ప్లాస్టిక్ అన్నం. ఏం దొరుకుతుందో చూపించడానికి జపాన్‌వాళ్ళు అలా బొమ్మలు చేసి పెడతారని తర్వాత తెలిసింది. తలుపుకి నీలం గుడ్డ తెర వేలాడుతోంది. పిల్ల దాని కిందనుంచి దూరి లోపలికి వెళ్ళిపోయింది.

లోపల నాలుగైదు బల్లలు, అంతే. వంటింట్లో కొడుకు, వడ్డనకి కోడలు, అందరి మీదా కన్నేసి ఉంచడానికి ఆయన తల్లి. ముసలావిడ పొట్టిగా ఉండేది, ఏప్రాన్ మెడ దాకా కట్టుకునేది. ఇంగ్లీషు నాలుగు ముక్కలు వచ్చేమో. కోడలికి ఇంగ్లీషు బాగానే వచ్చు. కాల్చిన చేప, ఊరవేసిన ముల్లంగి, ఒక గిన్నె అన్నం, ఒక గిన్నె వేడి సూపు తెచ్చి పెట్టింది. పిల్ల అన్నం వాసన చూసింది. చేత్తో కాస్త తీసి నొక్కి చూసింది. ముద్ద కట్టింది. అంతే, సూపు గిన్నె రెండు చేతులా ఎత్తి అన్నంలో పోసేసి, "చారు" అని చెప్పి కలపడం మొదలుపెట్టింది.

నాకు తల కొట్టేసినట్టయింది. పక్క బల్లవాళ్ళు పుల్లలతో ముచ్చటగా తింటున్నారు. "చెంచాతో తిను" అని గద్దించేలోపే ముసలావిడ వచ్చి మా బల్ల దగ్గర నిలబడింది. పిల్ల చేతిలోని ముద్ద చూసి "నెకో, నెకో" అంటూ ఒకటే నవ్వు. ఏమిటని కోడల్ని అడిగాం. "నెకో అంటే పిల్లి. మా ఇళ్ళలో పిల్లులకి ఇలా కలిపి పెడతారు, పదిమందిలో తినకూడదంటారు. మా అత్తగారు మాత్రం వంటింట్లో గోడవైపు తిరిగి ఇలాగే తింటారు" అని చెప్పింది. మా ఆయన పిల్లకి తెలుగులో చెప్పారు. అది "మ్యావ్" అని ముద్ద నోట్లో పెట్టుకుంది. సిడ్నీ వచ్చాక గిన్నె ఖాళీ చెయ్యడం అదే మొదలు.

నా గిన్నె అంతకుముందే ఖాళీ అయింది. తినడమా అది, మింగడం. లేచి బ్యాగు భుజాన వేసుకునేసరికి ముసలావిడ దారికి అడ్డంగా నిలబడి ఉంది. చేతిలో అన్నం వడ్డించే చెక్క హస్తం, దాని చివర నిమ్మకాయంత అన్నం. "వన్ నో గుడ్" అంది. నేను పొట్ట తడిమి చూపించాను, గడియారం చూపించాను. "వన్ నో గుడ్" అని మళ్ళీ అంది. పక్కనుంచి తప్పుకుని వచ్చేశాను. ఇదేం గోల, తల్లీ, ఇక్కడ కూడా కొసరి కొసరి పెట్టడాలేనా అనుకున్నాను.

ఆ సాయంత్రం మా ఆయన ఆ కోడల్ని అడిగి తెలుసుకున్నది చెప్పారు, వాళ్ళలో చనిపోయినవాళ్ళ దగ్గర ఒక్క గిన్నె అన్నం పెడతారట. అందుకే బతికున్న మనిషి ఒక్క వడ్డనతో లేవకూడదట, గోరంతైనా రెండోసారి వేయించుకోవాలట. "మన మారు వడ్డనే కదా. మీ అమ్మగారూ అంతేగా, మారు వెయ్యకుండా లేవనిచ్చేవారా?" అన్నారు. "లేవకుండా కూర్చుంటే సోమవారం మా మేనేజరు నాకు పిండం పెడతాడు" అన్నాను. పిల్ల బొమ్మతో ఆడుకుంటూ తలెత్తి మమ్మల్ని చూసింది.

ఆ తర్వాత ప్రతి శనివారం అక్కడే. పిల్ల ముఖంలోకి కాస్త కళ వచ్చింది. ముసలావిడ దానికి ఏదో ఒకటి అదనంగా తెచ్చి పెట్టేది, అది ఆవిడకి "చారు" అనే మాట నేర్పింది. నాతో మాత్రం అదే మర్యాద. "మీకు చేప కావాలాండీ?" నేను గిన్నె ఖాళీ చెయ్యగానే లేవడం, ఆవిడ హస్తంతో రావడం, నేను తప్పించుకోవడం మామూలైపోయింది. ఒకసారి కూర్చుందామనే అనుకున్నాను. నడుము దగ్గర జలదరించింది, లేచిపోయాను. బయటికెళ్ళి చూస్తే పేజర్ మోగనే లేదు. సిగ్గేసి వెనక్కి వెళ్ళలేదు.

డిసెంబరు వచ్చింది. కెల్లీవిల్ ఆంటీ ఫోన్ చేసి, పాపకి టికెట్ కూడా తనతో కలిపి బుక్ చేయించమంటారా, వీకెండ్ అయ్యేలోపు చెప్పమన్నారు. అది శనివారం. ఆ మాట మా ఇద్దరి నెత్తినా కూర్చుని ఉండగా మేం ఆ కొట్టుకి వెళ్ళాం. నా కాలు బల్ల కింద ఒకటే ఊగుతోంది, గ్లాసులో నీళ్ళు కదులుతున్నాయి. పిల్ల తన చారన్నం కలుపుకుంటోంది. దానికి ఇలా వెళ్తున్నావని చెప్పాలి, ఎవరు చెప్పాలో తేలలేదు. నా అన్నం గబగబా తినేశాను.

పేజర్ నిజంగానే మోగింది. నాకు హాయిగా అనిపించింది, నిజం చెబుతున్నాను. ఆ బల్ల దగ్గర్నుంచి పారిపోవడానికి ఒక సాకు దొరికింది. కుర్చీ వెనక్కి తోసి లేచాను. ముసలావిడ అప్పటికే హస్తం పట్టుకుని బయల్దేరింది. నేను ఆవిడకి చెయ్యి అడ్డం పెట్టి, వద్దు వద్దు అన్నాను.

"ఎక్కడికి?"

పిల్ల గొంతు. అన్నం మెతుకులంటిన చేత్తో చీర కుచ్చెళ్ళు పట్టుకున్నట్టు నా ప్యాంటు పట్టుకుంది. ముఖం ఎర్రగా ఉంది.

"మారు వేసుకోకుండా లేస్తే అన్నం అలుగుతుంది. ఎన్నిసార్లు చెప్పాలి? అవ్వ రోజూ తెస్తుంది, నువ్వు రోజూ వెళ్ళిపోతావు. నువ్వెప్పుడూ ఇంతే. కూర్చో."

అచ్చం మా అమ్మ. ఆ విరుపు, "ఎన్నిసార్లు చెప్పాలి" దగ్గర ఆ దీర్ఘం, నాలుగేళ్ళ వయసులో నేను తిన్న చీవాట్లే. అమ్మ దగ్గర మర్యాదలు నేర్చుకున్న పిల్ల, తిట్టడం కూడా అక్కడే నేర్చుకుంది. ఇన్నాళ్ళూ నా మీద కోపం వచ్చేంత చనువు దానికి లేదు. ఇప్పుడు వచ్చింది.

కూర్చున్నాను. ముసలావిడకి మా మాట ఒక్కటీ అర్థమై ఉండదు. హస్తం చివర ఉన్న అన్నాన్ని నా గిన్నెలో పెట్టి, దాని అంచుతో ఒకసారి మెత్తగా ఒత్తి వెళ్ళిపోయింది. మా ఆయన తల వంచుకుని, చేప ముల్లు లేనిచోట ముళ్ళు ఏరుతున్నారు. కాసేపటికి, "ఆంటీకి ఫోన్ చేసి వద్దని చెబుతాను" అన్నారు. నేను తల ఊపాను.

పేజర్ మళ్ళీ మోగింది. బల్ల మీద పెట్టానేమో, గుర్రుమంటూ అంచుదాకా జరిగింది. పిల్ల దాన్ని తీసి తొడ కింద పెట్టుకుని పైన కూర్చుంది. తన గిన్నెలో మిగిలిన చారు నా అన్నం మీద పోసింది. చెయ్యి గౌనుకి తుడుచుకుని నావైపు చూసింది.

"తిను" అంది.

తిన్నాను.