మా బావ బానెట్ ఎత్తితే

మీకు సిగ్గు లేదు. మా బావ పోయిన నాలుగో దినానికే ఆయన పికప్పు ఎంతకిస్తారని మా అక్కను అడిగినారు. అడిగినోళ్ళలో ఆ బండెక్కి ఆసుపత్రికి పోయినోళ్ళున్నారు, గొర్రెల్ని పొదిలి సంతకు తోలుకున్నోళ్ళున్నారు. "పాత ఇనుం కింద పోతుంది గదా" అన్నది ఎవరో నాకు తెలుసు. పేరు రాయను. చదువుతానే ఉంటాడు.

బావ పోయినాడని మార్కాపురంలో ఒక సభలో ఉండగా తెలిసింది. మైకు ముందు సమానత్వం గురించి మాట్లాడి దిగినా, ఫోన్లో అక్క. "మీ బావ బండి కాడికి పోతా పోతా కూలబడినాడురా. ఇంక లేడు." నిజమే రాయాలి కాబట్టి ఇదీ రాస్తున్నా: ఇంటికొచ్చి ఆయన వాకిట్లో జనాన్ని చూస్తే నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కుళ్ళు. నా సభలకు ఎన్నడూ అంతమంది రాలేదు.

ఊరూ, ఊరి బయట ఉండే మా దళితుల పల్లే ఒక్కచోట నిలబడాలని పాతికేళ్ళుగా గొంతు చించుకున్నా. కరపత్రాలు పంచినా. ఆయన బానెట్ ఎత్తేవాడు, అంతే. పనిలేకుండా మా పల్లెలో అడుగుపెట్టని ఊరి రైతులు, గొర్రెల కాపర్లు, మా కూలోళ్ళు అందరూ పావుగంటలో అదే ఇంజన్లోకి తలలు వంచేవాళ్ళు. ఒకరి చెమట ఒకరికి అంటుకునేటంత దగ్గరగా. నేను కుళ్ళుకోక ఏం చేసేది?

ఆయనకొక పద్ధతి ఉండేది. స్పానర్ పట్టక ముందే, బండి ఆగినప్పుడు అందులో ఉన్నోళ్ళందర్నీ పిలిచి అడిగేవాడు. "దగ్గి దగ్గి ఆగిందా, ఉన్నట్టుండి పడుకుందా? వాసనేమన్నా వచ్చిందా?" వెనక గొర్రెల మధ్య కూచున్నోళ్ళను ముందు అడుగుతాడు, ముందు సీటోళ్ళను ఆఖర్న. ఎందుకట్ల బావా అంటే, "ముందు కూచున్నోడు రోడ్డు చూస్తాడు. వెనక కూచున్నోడికి బండి తెలుస్తాది" అన్నాడు.

మూడేళ్ళ కిందట ఒక ఎండాకాలం, బండి ఊరికూరికే ఆగిపోతా ఉండింది. చేతిపంపు నొక్కి ఇంజన్లోకి డీజిల్ కొడితే లేస్తాది, మైలు పోయి మళ్ళీ పడుకుంటాది. ముందు సీట్లో కూచున్న నేను తీర్పు చెప్పినా: డీజిల్ పంపు పోయింది. అరగంట వాదించినా. వెనక కూచున్న, మేకలు కాసే పెద్దమ్మ ఏదో చెప్పబోతే, "నీకేం తెలుసు పెద్దమ్మా, ఉండు" అన్నా. అవును, నేనే అన్నా. ఆడవాళ్ళ మాట వినాలని ఆ నెలలోనే వ్యాసం రాసిన నేనే.

నా పోరు పడలేక బావ పంపు విప్పి మార్కాపురం పంపినాడు. నాలుగు రోజులు బండి నిలిచిపోయింది. పంపుకేం రోగం లేదని తిరిగొచ్చింది. అప్పుడు బావ పోయి పెద్దమ్మ ముందు గొంతుక్కూచున్నాడు. "చెప్పమ్మా."

"ఏముంది నాయనా, గతుకొచ్చినప్పుడల్లా నా కాళ్ళ కింద ఏందో టకటకమంటాది. ఆ ఎంబడే ఆగుతాది."

బావ ఇంజన్ దగ్గర రబ్బరు పైపు తీసి సెలైన్ పైపు తగిలించినాడు, లోపల డీజిల్ కనపడేటట్టు. స్టార్ట్ చేసి, నలుగుర్ని బండి ఊపమన్నాడు. డీజిల్లో బుడగలు. ఎక్కడో గాలి పీలుస్తాంది. చూస్తే, ట్యాంకు నుంచి వచ్చే పైపు సరిగ్గా పెద్దమ్మ కూచునే చోటు కింద ఇనప అంచుకు రాసుకుని చిట్లింది.

అందరూ నావైపు తిరిగినారు. "ఏం లీడరూ, పైపు గూడా నీ ఉపన్యాసం వినలేదా?" అన్నాడొకాయన. బండి కింద నుంచి బావ గొంతు: "మా బామ్మర్దిని అనమాకండి. పంపు బాగుందని వాడి వల్లనే గదా తెలిసింది."

ఆ మంచితనానికి నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడూ మండుతాంది. తిట్టి ఉంటే ఎన్నడో మర్చిపోయేవాణ్ణి.

బావ పోయినాక చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడిక నాడు అక్క బండి తాళం నా చేతిలో పెట్టింది. "నువ్వు చూసుకో. అమ్మమాకు." ఆయన పోయే ముందురోజు సాయంత్రం ఆగిన బండి అది, మళ్ళీ లేవలేదు. అడగాల్సినోళ్ళను అడగకముందే ఆయన పోయినాడు. మిరపకోతకు పోయే ఆడోళ్ళు అప్పట్నుంచి పెద్దరోడ్డు దాకా నడుస్తున్నారు. నిన్న నేను బానెట్ ఎత్తినా. సీటు కింద చుట్టిపెట్టిన సెలైన్ పైపు దొరికింది, పచ్చబడిపోయి. గంటసేపు నిలబడినా. ఒక్కరూ రాలేదు. బానెట్ దగ్గర కూడా ఉపన్యాసం ఇస్తానని మీ భయం.

కాబట్టి నా డిమాండ్లు ఇవి:

1. బండిని బేరమాడడానికి ఎవరూ మా అక్క వాకిలి తొక్కొద్దు.

2. బావ దగ్గర తీసుకుపోయిన పద్నాలుగో నంబరు స్పానర్ ఎవరి ఇంట్లో ఉందో వాళ్ళు తెచ్చియ్యాలి.

3. "మీ బావైతే ఈపాటికి లేపేవాడు" అని నా ముందర అనొద్దు. నాకు తెలుసు.

4. ఆ ఆఖరి సాయంత్రం బండిలో ఉన్నోళ్ళందరూ ఆదివారం ఆరాధన అయినాక రావాలి. ఊరోళ్ళు గూడా.

5. ముందు పెద్దమ్మ చెప్పాలి. తర్వాత ఆమెతో వెనక కూచున్న తక్కినోళ్ళు. నన్నెవరూ ఏమీ అడగొద్దు. నేను బండి కింద పడుకుని వింటా ఉంటా.