సుభద్రమ్మ గారు చూసిన తెలుపు

ఇవాళ పొద్దున్న మా అబ్బాయి స్కూలు చొక్కాలు ఉతికి నీలిమందు నీళ్ళలో ముంచుతున్నాను. ఆ నీళ్ళకి తడిగోడ వాసన లాంటి చల్లటి వాసన ఒకటి ఉంటుంది, ముక్కుకి తగిలీ తగలకుండా. ముంచి తీసిన చొక్కా పక్కన, ఇంకా ముంచనిది బకెట్టు అంచున వేలాడుతోంది. నిమిషం క్రితం రెండూ తెల్లగానే ఉన్నాయి. ఇప్పుడు రెండోది పాత కాగితంలా కనిపిస్తోంది. ఇలాంటప్పుడల్లా నాకు సుభద్రమ్మ గారు గుర్తొస్తారు. ఆవిడకి నీలిమందంటే ఒళ్ళుమంట. "మురికెక్కడికీ పోదమ్మా, మన కన్ను మోసపోతుందంతే" అనేవారు. పాతికేళ్ళు లేసు షెడ్డులో తెలుపు చూసి బతికిన మనిషి, ఆ మాట అనే హక్కు ఆవిడకుంది.

తెలుపు చూడటం కూడా ఒక ఉద్యోగమేనా అని మీకనిపించవచ్చు. నాకూ అనిపించింది. నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు ఇంటిపని తెమిలాక కూర్చుని తెల్లదారంతో లేసు పువ్వులు అల్లుతారు. దారం షెడ్డువాళ్ళే ఇస్తారు. అల్లిన పువ్వులు కట్టలు కట్టలుగా షెడ్డుకి వస్తాయి. అక్కడ వాటిని ఒకదానికొకటి అతికి దుప్పట్లూ బల్లగుడ్డలూ చేసి విదేశాలకి పంపుతారు. ఒక్క దుప్పట్లో ఇరవై ఇళ్ళ పువ్వులుంటాయి, కానీ చూసేవాళ్ళకి అన్నీ ఒకే తెలుపులో ఉండాలి. ఉన్నాయో లేదో చూసి ఊఁ అనేది సుభద్రమ్మ గారు. ఆవిడ ఊఁ అన్నాక యజమాని కూడా మళ్ళీ చూసేవారు కాదు. నేను పెళ్ళయి నరసాపురం వచ్చిన మూడో ఏట ఆ షెడ్డులో అతుకుపనిలో చేరాను. నా చూపు బాగుందని ఆవిడే నన్ను తన బల్ల దగ్గరికి మార్పించుకున్నారు.

మొదటిరోజు బల్ల మీద ఒక పువ్వు పెట్టి "ఇదేం రంగమ్మా?" అన్నారు. తెలుపండీ అన్నాను, ఇదేం ప్రశ్న అనుకుంటూ. దాని పక్కన ఇంకో పువ్వు పెట్టారు. నా కళ్ళ ముందే మొదటి పువ్వు మీగడ రంగుకి తిరిగింది. "మార్చేశారాండీ?" అని అడిగేశాను. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వారు.

"నేనేం గారడీదాన్ననుకున్నావా? అది కదల్లేదు. కంటికి తెలుపంటూ ఒకటి తెలీదు పద్మా. పక్కదానికంటే ఎక్కువా తక్కువా, అదొక్కటే తెలుసు దానికి. ఒంటరిగా ఏది పెట్టినా తెలుపే అంటుంది."

తర్వాత ఒకే దారంతో అల్లిన రెండు పువ్వులు తీసి, ఒకటి నల్లగుడ్డ మీదా ఒకటి తెల్లదుప్పటి మీదా పెట్టారు. నల్లగుడ్డ మీది పువ్వు మెరిసిపోతోంది, తెల్లదాని మీదిది మాసినట్టుంది. చోట్లు మారిస్తే మెరుపూ మారింది. ఇదంతా ఆవిడ ఏ పుస్తకంలోనూ చదవలేదు, చదివింది ఐదో తరగతి. బల్లకి ఉత్తరం కిటికీ వెలుతురు తప్ప ట్యూబులైటు పడనిచ్చేవారు కాదు. ఎండలోంచి వచ్చి తిన్నగా పువ్వుల మీదికి వంగితే చేతిమీద ఒక్కటి వేసేవారు. "ఆ కన్నింకా ఎండలోనే ఉంది. పది నిమిషాలు కూర్చో, లోపలికి రానీ." మధ్యాహ్నం భోజనం దగ్గర కూడా పాఠమే. స్టీలుగిన్నెలో పెరుగన్నం ఒక తెలుపు, అరిటాకులో ఒక తెలుపు. "తిననివ్వండి బాబూ" అని నేను మొత్తుకునేదాన్ని. నాకు అమ్మ తర్వాత అంత చనువు ఆవిడ దగ్గరే.

మాకు పువ్వులు తెచ్చేవాళ్ళలో నాగమణిది అందరికంటే సన్నపని. కాలవ అవతలి ఊరు. వేళ్ళు ఎంత చురుకో నోరు అంత నెమ్మది. ఒకసారి పెద్ద దుప్పటికి నడిమి వరస మొత్తం నాగమణి చేతే అల్లించారు. ఆ పువ్వులు వచ్చిన రోజు పక్క వరసతో కలిపి పరిచాను. నాగమణి వరస కాస్త పసుపుపచ్చగా తోచింది.

"అండీ, ఇది కొంచెం పచ్చగా ఉందేమోనండి," అన్నాను.

సుభద్రమ్మ గారు వంగి చూశారు. "ఏదీ? శుభ్రంగా కలిసిపోయింది. ఎండలోంచి వచ్చి చూసుంటావు, కూర్చో."

కూర్చున్నాను. పది నిమిషాలకి మళ్ళీ చూశాను. పచ్చగానే ఉంది. కానీ నాకు చూడటం నేర్పిన కన్ను బాగుందన్నాక, నా కంటిదే తప్పేమో అనుకున్నాను. దుప్పటి వెళ్ళిపోయింది.

మూడు నెలలకి తిరిగొచ్చింది, నడిమి వరస పచ్చగా ఉందని. యజమాని దాన్ని బల్ల మీద పరిచి అందరినీ పిలిచారు. ఆ రోజు నాగమణి కూడా దారం కోసం వచ్చి ఉంది. సుభద్రమ్మ గారు గట్టిగా చెప్పారు: "నేను చూసిన రోజు మల్లెపువ్వులా ఉందండి. తర్వాత పచ్చబడిందంటే అది మన దారం కాదు, మన దారం పచ్చబడదు. బజారు దారం కలిపేసింది."

"అయ్యో, మీరిచ్చిన దారమేనండి. పిల్లల మీద ఒట్టండి," అంది నాగమణి. ఎవరూ వినలేదు. పాతికేళ్ళ కన్ను ఒకవైపు, ఒట్టు ఒకవైపు.

అప్పుడే నేనొకటి చూశాను. "ఇదిగో, ఈ వరసే కదా" అంటూ సుభద్రమ్మ గారు వేలు పెట్టింది నాగమణి వరస మీద కాదు, దాని పక్కదాని మీద. అందరూ నాగమణి మొహం చూస్తున్నారు. ఆ వేలు చూసింది నేనొక్కదాన్నే. దారం మొదటిరోజు నుంచీ పచ్చనిదేననీ, అది ఆవిడకి కనపడలేదనీ, ఇప్పటికీ కనపడటం లేదనీ నాకు ఒక్కసారిగా తెలిసిపోయింది. నోరు తెరిస్తే ఆవిడ కుర్చీ పోతుంది. తెరవకపోతే నాగమణి పని పోతుంది. నేను తెరవలేదు. ప్రేమ అని చెప్పుకున్నాను కానీ అందులో సగం భయమే. ఆ రోజు నుంచి నాగమణికి దారం ఇవ్వడం మానేశారు.

నాలుగు నెలలు అలాగే గడిచాయి. సుభద్రమ్మ గారి పక్కన కూర్చుని, ఆవిడ వదిలేసిన తేడాలు ఆవిడకి తెలియకుండా నేను సర్దుతూ వచ్చాను. చివరికి ఒక మధ్యాహ్నం షెడ్డులో ఎవరూ లేనప్పుడు నల్లగుడ్డ పరిచి, ఆ వరసలో మిగిలిపోయిన నాగమణి పువ్వొకటీ వేరే పువ్వొకటీ పక్కపక్కన పెట్టాను.

"ఇవేం రంగండీ?"

"నాకే పరీక్షా? తెలుపు."

"రెండూనాండీ?"

ఆవిడ నవ్వబోయి ఆగిపోయారు. పువ్వులు తీసి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళారు. చోట్లు మార్చి చూశారు. నా మొహం కేసి చూశారు. "ఎన్నాళ్ళ నుంచి తెలుసు నీకు?" అని అడిగారు. చెప్పాను. నల్లగుడ్డ మడతపెట్టి ఇంటికి వెళ్ళిపోయారు. ఆవిడ నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఆవిడకి రెండు కళ్ళలోనూ శుక్లాలని తేలింది. రాజమండ్రిలో ముందు ఒక కంటికి ఆపరేషన్ చేశారు, తోడుగా నేనే వెళ్ళాను. కట్టు విప్పాక ఆవిడ ఎదురుగోడ కేసి ఒక కన్ను మూసి ఒకసారి, రెండోది మూసి ఒకసారి చూశారు. మళ్ళీ చూశారు. "పద్మా, ఒక కంటికి పాలు, ఒక కంటికి టీ" అన్నారు. డాక్టరుగారు నవ్వి వివరించారు. కంట్లో అద్దం ఏళ్ళ తరబడి మెల్లమెల్లగా పచ్చబడిందట. అంత నెమ్మదిగా మారేసరికి మెదడు సర్దుకుపోయి దాన్నే తెలుపు అంటూ వచ్చిందట. పెద్ద వయసులో అందరికీ జరిగేదేనట. ఆవిడ మాత్రం నవ్వలేదు. "లోకమంతా పచ్చబడిపోతుంటే ఒక్క ముక్క చెప్పలేదే ఈ కన్ను" అని ఏడ్చారు. కన్నీళ్ళు రాకూడదమ్మా అని నర్సు కోప్పడింది.

తేరుకున్నాక షెడ్డుకి వచ్చి ఆవిడ మొదట అడిగింది ఆ దుప్పటి. కొత్తకన్నుతో నడిమి వరస చూశారు. తర్వాత గోడౌన్లో అడుగున మిగిలిన, నాగమణికి ఇచ్చిన ఆ సరుకు దారం ఉండ ఒకటి తీయించి దాని మీద పెట్టారు. పువ్వూ దారమూ ఒకే పచ్చ. మా దారమే. యజమానికి అందరి ముందూ చూపించి, ఆటో పిలిపించి, "పద" అన్నారు నాతో.

నాగమణి అప్పుడే, మా పని పోయాక చేరిన రొయ్యల షెడ్డు నుంచి వచ్చి వాకిట్లో చేతులు కడుక్కుంటోంది. ఐసులో రొయ్యల తలలు ఒలిచి ఒలిచి వేళ్ళు ఉబ్బి, చర్మం తెల్లగా నానిపోయి ఉంది. సుభద్రమ్మ గారు ఇంట్లోకి రాలేదు. చుట్టుపక్కల వాళ్ళకి వినపడేలా వీధిలోనే నిలబడి చెప్పారు. "నాగమణీ, నువ్వు దారం మార్చలేదమ్మా. మేమిచ్చిందే పచ్చదారం. నాకు కళ్ళు కనపడక నీ మీద నింద వేశాను. నలుగురి ముందూ అన్నాను, నలుగురి ముందే చెబుతున్నాను." చెబుతూ చేతులు జోడించారు. నాగమణి పరుగున వచ్చి ఆ చేతులు విడదీసింది.

"ఊరుకోండమ్మా. కనపడకపోతే మీరేం చేస్తారండి," అంటూ కుర్చీ వేసింది, మంచినీళ్ళు తెచ్చింది.

నా సంగతి సుభద్రమ్మ గారు ఎత్తలేదు. ఎత్తరని నాకు తెలుసు. అందుకే నేనే చెప్పాల్సి వచ్చింది. "నాకు మొదటిరోజే కనపడింది, నాగమణీ."

నాగమణి నా వైపు తిరిగింది. కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

"కనపడిందాండి? మరి చెప్పలేదేం?"

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో సుభద్రమ్మ గారు నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. నరసాపురం వచ్చేదాకా వదల్లేదు.

ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఆ బల్ల ఇప్పుడు నాది. కొత్తగా చేరినవాళ్ళెవరైనా గొంతు తగ్గించి "కొంచెం తేడాగా ఉందేమోనండి" అంటే పని ఆపేస్తాను. ముందు వాళ్ళకి కనపడిందేమిటో పూర్తిగా చెప్పిస్తాను, ఆ తర్వాతే నేను చూస్తాను. నాగమణి మళ్ళీ మాకే అల్లుతోంది. కానీ ఐసు పట్టిన ఆ వేళ్ళకి ఇప్పుడు సన్నపువ్వు లొంగదు, పెద్దపువ్వులే తెస్తుంది. తెచ్చి నా బల్ల మీద పెట్టిన ప్రతిసారీ నా కళ్ళు ముందు ఆ వేళ్ళ మీదికి వెళతాయి, పువ్వుల మీదికి తర్వాత.