అత్తగారు లిప్‌స్టిక్ తనిఖీ చేసిన రోజు

ఆ లిప్‌స్టిక్ కొన్నాక మూడు రోజులు దాన్ని నా ఆఫీసు బ్యాగులోనే దాచుకున్నాను. ఒక హిందీ సినిమా హీరోయిన్ సొంతంగా పెట్టిన బ్రాండు అది. మెరుపు లేకుండా పెదవి మీద ఆరిపోయే మాట్ రకం. గమ్హరియాలో నేను పనిచేసే ఫ్యాక్టరీ ఆఫీసులో ఒక స్నేహితురాలు రోజూ అదే వేసుకుని వచ్చేది. పొద్దున్న వేసుకున్నది సాయంత్రం బస్సెక్కేదాకా చెక్కు చెదరకుండా ఉండేది. చూసి చూసి నేనూ ఆశపడ్డాను. బిష్టుపూర్‌లో ఒక పెద్ద దుకాణంలో కొనేశాను గాని, ఆ ధరకు గోల్‌మురి బజారులో ఎన్ని వస్తాయోనని ఇంటికి వచ్చే దారంతా మనసు పీకుతూనే ఉంది.

గుట్టు బయటపెట్టింది మా అమ్మాయి. ఆదివారం పొద్దున పెన్ను కోసం నా బ్యాగులో చెయ్యి పెట్టి, డబ్బా బయటికి తీసి, దాని మీది ధర పైకి చదివింది. సిద్ధగోరాలో మాది రెండు గదుల ఇల్లు. ఒకరి మాట ఇంకొకరికి వినపడకపోవడమంటూ ఉండదు. మా అత్తగారు తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టారు.

ఆవిడకు అరవై ఎనిమిదేళ్లు. పెళ్లి చేసుకుని శ్రీకాకుళం వైపు నుంచి హిందీ మాట్లాడే ఈ ఉక్కు ఊరికి వచ్చి, గోల్‌మురిలో డబ్బాలకు వాడే తగరపు పూత రేకుల ఫ్యాక్టరీలో చేరి, అక్కడే రిటైరయ్యారు. అక్కడ ఏం పని చేసేవారో పద్దెనిమిదేళ్ల కాపురంలో నేనెప్పుడూ సరిగ్గా అడగలేదు. రేకులు ఏరేదాన్ని అనేవారు. బియ్యంలో రాళ్లు ఏరడం లాంటిదే కాబోలు అనుకున్నాను.

తిడతారని తల వంచుకున్నాను. ఆవిడ చెయ్యి చాపారు.

“ఇలా తే. నీ పాతది కూడా అట్టుకురా.”

రెండూ తీసుకుని వంటింటి కిటికీ దగ్గరికి వెళ్లారు. ఎడమ చెయ్యి లోపలి వైపు, మణికట్టుకు పైన, పక్కపక్కన రెండు పట్టీలు గీసుకున్నారు. ఒకటి బజారుది, ఒకటి హీరోయిన్‌ది. మా అమ్మాయి నవ్వుతూ “నానమ్మా, యే దిన్‌భర్ నహీ జాయేగా” అంది. రోజంతా పోదట. ఆవిడ చూద్దామన్నారంతే.

ఆ తర్వాత రోజూ చేసే పనులే చేశారు. పిండి కలిపారు, వడలు వేశారు, గిన్నెలు తోమారు. మధ్య మధ్యలో కిటికీ దగ్గరికి వెళ్లి, చేతిని వెలుతురుకు అటూ ఇటూ తిప్పి చూసేవారు. స్టీలు గ్లాసు అంచును పట్టీల మీద నొక్కి, గ్లాసుకు ఏం అంటిందో చూసేవారు. మధ్యాహ్నానికి బజారు రంగు చర్మం ముడతల్లోకి పాకిపోయింది. ఖరీదైనది గీసింది గీసినట్టే ఉంది. నా ప్రాణం కుదుటపడింది. అప్పుడు ఆవిడ నన్ను పిలిచి, ఇక్కడ పగిలింది చూడమన్నారు.

నాకేమీ కనిపించలేదు. ఆవిడ చేతిని కొంచెం వంచారు. వెంట్రుక కన్నా సన్నగా ఒక చీలిక.

“ఇక్కడ మందంగా పడింది. మందం ఉన్నకాడే పూత పగుల్తాది. పల్చగా, అంతా ఒక్కలాగ పడాల” అన్నారు.

ఆ మధ్యాహ్నం మొదటిసారి అడిగాను, రేకులు ఏరడమంటే ఏమిటని. పూత వేసిన రేకులు ముందు దొంతరగా ఉంటాయట. ఒక్కో రేకును మూల పట్టి లేపి, దాని మీద వెలుతురు పరిగెత్తేలా వంచి, తిరగేసి, రెండో వైపు కూడా చూసి, మంచిదైతే ఒక దొంతరలో, గీత పడ్డదైతే ఇంకో దొంతరలో, పూత అందని చోటు ఆవగింజంత ఉన్నా మరో దొంతరలో వెయ్యాలి. రేకు కిందికి వాలేలోపే అది ఎటు పోవాలో తేలిపోవాలి. ఆవిడ వేళ్ల మీది సన్నటి తెల్ల గీతలు కత్తిపీట వల్ల వచ్చినవని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. అవి రేకు అంచులు కోసినవి.

తర్వాత నన్ను కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని, ఆవిడే నా పెదవులకు రంగు వేశారు. ఆవిడ నా మొహాన్ని ముట్టుకోవడం అదే మొదలు. నా గడ్డం ఎత్తి, వెలుతురుకు తిప్పి, ఒక్క క్షణం చూశారు.

“సరుకు మంచిదే. సగం డబ్బులు సరుక్కిచ్చేవు, సగం ఆ సినిమా పిల్ల మొకానికిచ్చేవు. పల్చగా ఏసుకో, చాన్నాళ్లొత్తాది.”

నిజంగానే చాలా నెలలు వచ్చింది. అది అయిపోయాక ఒకరోజు ఆవిడను కంటి డాక్టరుకు చూపించి వస్తూ ఆ దుకాణానికే వెళ్లాం. ఎడమ కంటిలో పొర మొదలైందని డాక్టరు అప్పుడే చెప్పారు. కౌంటరులో అమ్మాయి నేను అడిగిన రంగు తీసి పెట్టింది. అత్తగారు అదే రంగు ఇంకొకటి కూడా తీయించి, రెండు మూతలూ విప్పించి, చేతి వెనక ఒక్కో చుక్క రాయించుకున్నారు. ఇవి రెండూ ఒకటి కావన్నారు.

ఆ అమ్మాయి నంబరు చూపించి, ఒకటేనని హిందీలో మర్యాదగానే చెప్పింది. నా కంటికీ ఒకటే. వెనక ఇద్దరు ఆడవాళ్లు వేచి ఉన్నారు. నాకు సిగ్గేసి, ఏదో ఒకటి తీసుకుందాం అత్తా అన్నాను. ఆవిడ వినిపించుకోలేదు. అద్దాల తలుపు దగ్గరికి నడిచి, చెయ్యి వంచి, ఒక చుక్కలో ఎరుపు కాస్త ఎక్కువ పడిందన్నారు.

ఆ అమ్మాయి అనుమానంగా రెండు డబ్బాల అడుగులూ తిప్పి చూసింది. రంగు నంబరు ఒకటే గాని తయారైన బ్యాచీలు వేరు. లోపలి నుంచి దుకాణం చూసుకునే పెద్దావిడ వచ్చి, తలుపు దగ్గర వెలుతురులో ఆ చేతిని పట్టుకుని చాలాసేపు చూసి, అవును, తేడా ఉంది అంది. అత్తగారు ఎరుపు తక్కువున్నది నాకిచ్చి, నీకిది నప్పుతుందన్నారు.

ఇంటికి వచ్చే ఆటోలో అడిగాను, అంత చిన్న తేడా ఎలా కనిపెట్టారని.

“నానేటీ ఎతకను. అన్నీ ఒక్కలాగున్నకాడ ఫరక్ ఉన్నదే వచ్చి కంటికి తగుల్తాది” అన్నారు.

ఆ లిప్‌స్టిక్‌కు ఆ ధర తగునో లేదో నేను ఈనాటికీ తేల్చలేను. ఆ రోజు మాత్రం నాకు అడగాల్సినవి చాలా ఉన్నాయి. ఎంతమంది ఆడవాళ్లు ఆ పని చేసేవారు, వెలుతురు ఎటునుంచి పడేది, వర్షాకాలం ఏం చేసేవారు. సాక్చి దాటాక కూడా ఆవిడ చేతులు తిప్పుతూ చెబుతూనే ఉన్నారు. మా వీధి మలుపు వచ్చి వెళ్లిపోయింది. ఆపమని చెప్పడం నేను మర్చిపోయాను.