మా ఆయన తుడిచేసిన చుక్కలు

ఆ రోజు ఉతకడానికి రవికె తిరగేస్తే లోపల ఎడమవైపు గోధుమరంగు మరక కనిపించింది. మా కోనసీమలో బట్టల మీద అలాంటి మరకలు కొత్తేం కాదు. కొబ్బరి బొండం రసం తగిలిందంటే ఆ బట్ట చిరిగేదాకా వదలదు. ముందు రోజే ఇంట్లో బొండాలు కొట్టించాం. అదే అయి ఉంటుందని సబ్బు పెట్టి రుద్ది, పోకపోతే విసుక్కుని ఆరేశాను. మర్నాడు ఇంకో రవికె మీద సరిగ్గా అదే చోట అదే మరక. బొండం రసం రవికె లోపలికి ఎలా వస్తుందని అప్పుడు తట్టింది. చనుమొన దగ్గర నొక్కి చూసుకుంటే వేలికి ఎర్రగా తడి అంటింది. నొప్పి లేదు. గడ్డ కూడా తగల్లేదు.

మాకు మలికిపురంలో ఫోటో స్టూడియో ఉంది. మా ఆయన ఫోటోలు తీస్తారు, నేను కౌంటర్లో కూర్చుంటాను. సీజన్లో పెళ్లి ఆల్బమ్‌లు ఉంటాయి గానీ, ఏడాది పొడుగునా మా షాపు నడిచేది గల్ఫ్‌కి వెళ్లే ఆడవాళ్ల పాస్‌పోర్టు ఫోటోల మీదే. పెళ్లి ఫోటోలైతే మా ఆయన అడక్కుండానే అన్నీ శుభ్రం చేసేస్తారు. పెళ్లికూతురి మొటిమలు, పెళ్లికొడుకు మెడ మీద చెమట, వెనకాల గోడ మీద పెచ్చులు, ఏదీ మిగల్చరు. పాస్‌పోర్టు ఫోటో దగ్గర మాత్రం మహా నిక్కచ్చి. ఎవరైనా మచ్చ తీసెయ్యమని బతిమాలితే, "తీసేస్తే ఎయిర్‌పోర్టులో నువ్వు నువ్వు కాదంటారమ్మా. ఆయ్, ఉన్నది ఉన్నట్టే ఉండాలి" అని పాఠం చెబుతారు. ఈ మాట గుర్తుంచుకోండి, దీంతో నాకు తర్వాత పని ఉంది.

అమలాపురంలో లేడీ డాక్టరు గారు చేత్తో పరీక్ష చేసి గడ్డేమీ తగలడం లేదన్నారు. అయినా రక్తం కనిపిస్తోంది కాబట్టి మామోగ్రామ్ తీయించాల్సిందేనన్నారు. అందుకోసం రాజమండ్రి వెళ్లాం. ఆ చల్లటి గదిలో, తాళ్లు ఊడిపోయిన గౌను కప్పుకుని నిలబడ్డాను. రొమ్మును రెండు పలకల మధ్య పెట్టి నొక్కుతూ, "కదలకండమ్మా, ఊపిరి బిగపట్టండి" అంటుంది లోపలున్న అమ్మాయి. కదలడానికి అక్కడ వీలెక్కడుంది? అన్నీ అయ్యాక పెద్ద కవర్లో ఫిల్ములు చేతికిచ్చి, రిపోర్టు రాసే డాక్టరు గారు వెళ్లిపోయారు, రెండ్రోజులాగి రండి అన్నారు. మలికిపురం నుంచి రాజమండ్రి పోయి రావడమంటే ఒక రోజు పోయినట్టే. ఆ ముక్క మొదటే చెప్పొచ్చు కదా!

ఇక్కడే మా ఆయనకి గొప్ప ఆలోచన వచ్చింది. బొమ్మ మన చేతిలోనే ఉంది, రిపోర్టు కోసం ఆగడమెందుకు అన్నారు. వాళ్ల అక్కగారి అల్లుడు మస్కట్‌లో డాక్టరు. ఫిల్ములు స్టూడియోలో లైటు పలక మీద పెట్టి, మంచి కెమెరాతో తీసి, ఆయనకి పంపించారు. సాయంత్రానికల్లా ఫోన్ వచ్చింది. "మామయ్యగారూ, గడ్డలాంటిదేమీ కనిపించడం లేదండి. అయినా రిపోర్టు తెప్పించుకుని అక్కడి డాక్టరు గారికి చూపించండి" అన్నారు. మొదటి ముక్క అందరికీ వినిపించింది. రెండోది నా ఒక్కదానికే వినిపించినట్టుంది.

వారం గడిచాక, రిపోర్టు తెచ్చుకుందాం పదండి అన్నాను. ముహూర్తాలు మొదలయ్యాయి, తీరిక లేదన్నారు. మళ్లీ అడిగితే ఆ అక్కగారే, అంటే మా వదినగారు, ఫోన్ చేశారు. అల్లుడుగారు చూసి చెప్పాక ఇంకొకరి దగ్గరికి పరిగెత్తితే ఆయన మాటకి విలువేముంది, రేపు ఆయన ఇంటికొస్తే మొహం ఎలా చూపిస్తామని ఆవిడ బాధ. మా కుటుంబాల్లో అల్లుడి మాట మీద ఇంకో మాట ఉండదు. కాఫీలో పంచదార ఎక్కువైందని చెప్పడానికే జంకుతాం, ఇక వైద్యం సంగతి చెప్పాలా? నేనేమో రవికెలో దూది పెట్టుకుని కౌంటర్లో కూర్చునేదాన్ని. మరక కొన్నాళ్లు వచ్చేది, కొన్నాళ్లు మానేసేది. అలా నెలలు దొర్లిపోయాయి.

ఒక రోజు కౌంటర్లో జనం ఉండగా మరక రవికె దాటి పైట మీదికి వచ్చేసింది. ఎదురుగా ఉన్నావిడ చూసి చూపు తిప్పుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. అందరినీ పంపించేసి షట్టరు నేనే దించేశాను. ఇవాళ రిపోర్టు చేతికొచ్చేదాకా షాపు తెరవనని మా ఆయనతో చెప్పాను. రాజమండ్రిలో రిపోర్టు ఎప్పుడో తయారై మా కోసం ఎదురుచూస్తోంది. అది పట్టుకుని అటునుంచి అటే అమలాపురం వెళ్లాం.

డాక్టరు గారు రిపోర్టు చదివి, ఫిల్ము లైటు డబ్బాకి తగిలించి, భూతద్దంతో చూశారు. తర్వాత నన్ను దగ్గరికి పిలిచారు. "ఇక్కడ ఉప్పు చల్లినట్టు సన్నటి చుక్కలు చూడండమ్మా. మైక్రో కాల్సిఫికేషన్స్ అంటాం. ఒకే చోట గుంపుగా ఉన్నాయి, ఇలా ఉంటే అనుమానించాలి. బయాప్సీ చేయాలి. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదు?"

నేను జవాబు చెప్పేలోపు మా ఆయన వంగి చూసి, "అది దుమ్మండి" అన్నారు. "ఫిల్ము మీద పడ్డ దుమ్ము. నేను తీసేశాను కదండీ."

"తీసేశారా? ఎక్కడ తీసేశారు?"

మా ఆయన ఫోన్ తీసి మస్కట్‌కి పంపిన ఫోటో చూపించారు. డాక్టరు గారు ఆ ఫోన్ ఫిల్ము పక్కన పెట్టారు. అదే రొమ్ము, అదే బొమ్మ. చుక్కలు మాత్రం ఒక్కటి కూడా లేవు. పెళ్లికూతురి బుగ్గలా నున్నగా ఉంది. పంపే ముందు కంప్యూటర్లో పెట్టి శుభ్రం చేశారట. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. "చేతికి అలవాటండి, బొమ్మ నీటుగా ఉంటే డాక్టరు గారికి బాగా కనిపిస్తుందనుకున్నాను" అని గొణిగారు.

"మీ అల్లుడుగారిని అనడానికి ఏమీ లేదు" అన్నారు డాక్టరు గారు. "ఆయన చూసింది మీ పనితనాన్ని, ఈవిడ జబ్బుని కాదు."

బయటికొచ్చి బస్సెక్కేదాకా ఓర్చుకున్నాను. ఎక్కాక అడిగేశాను. "పాస్‌పోర్టు ఫోటోలో ఊళ్లోవాళ్ల మచ్చ ఒక్కటి ముట్టుకోరు గదండీ మీరు. నాది తుడిచేయడానికి చెయ్యెలా వచ్చింది?" ఆయన కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నారు. జాలేసింది, కోపం మాత్రం తగ్గలేదు. నేను చచ్చిపోతానేమో అన్న భయం ఒక పక్క, ఇంత తెలివితక్కువ పని వల్ల చచ్చిపోతానేమో అన్న ఉక్రోషం ఇంకో పక్క.

బయాప్సీకి విశాఖపట్నం వెళ్లాం. అంత దూరం పోతే మిషను పాడైంది, వచ్చే వారం రమ్మన్నారు. మళ్లీ వెళ్లాం. బోర్లా పడుకోబెట్టి, ఆ చుక్కలు ఎక్కడున్నాయో బొమ్మలో చూసుకుంటూ సూదితో ముక్కలు తీశారు. డి.సి.ఐ.ఎస్. అని వచ్చింది. స్టేజ్ జీరో అన్నారు సర్జన్ గారు. మా మొహాలు విప్పారడం చూసి వెంటనే సర్దారు: "జీరో అంటే ఏమీ లేదని కాదమ్మా. క్యాన్సర్ కణాలు పాల నాళాల్లోనే ఉన్నాయి, గోడ దాటలేదు. దాటకముందే తీసేద్దాం." మా వదినగారికి ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. జీరో అయితే కోయడమెందుకని చుట్టాలందరి దగ్గరా ఆశ్చర్యపోయేవారు.

లంపెక్టమీ చేశారు, అంటే చుక్కలున్న భాగం వరకే కోసి తీశారు. రొమ్ము మొత్తం తీయక్కర్లేదన్నందుకు సంతోషించేలోపే, మార్జిన్ పాజిటివ్ వచ్చింది, అంటే కోసిన అంచులో ఇంకా మిగిలిందన్నారు. రెండోసారి కోశారు. నెలల క్రితమే వచ్చి ఉంటే ఈ రెండో కోత తప్పేదా అని అడిగాను. మా ఆయన తల దించుకున్నారు. "చెప్పలేమమ్మా" అన్నారు సర్జన్ గారు. "అప్పటినుంచి పెరిగిందో, మొదటినుంచీ ఇంతే ఉందో మాకు తెలియదు." తప్పేదని చెప్పి ఉంటే తనివితీరా తిట్టుకునేదాన్ని. తప్పేది కాదని చెప్పి ఉంటే క్షమించేసేదాన్ని. ఏదీ కాకుండా చేశారు.

తర్వాత రేడియేషన్. వారాల తరబడి విశాఖలోనే ఒక గది తీసుకుని ఉన్నాం. మిషను గురి తప్పకుండా ఉండటానికి ఒంటి మీద చుక్కలు పెట్టారు. అవి చెరిగిపోకూడదు, రుద్దకండి అని నాకు చెబుతుంటే, పక్కనున్న మా ఆయన నాకంటే ముందే గట్టిగా తలూపారు. అన్ని బాధల్లోనూ నాకు నవ్వొచ్చింది. చర్మం నల్లగా కమిలి, రవికె తగిలితే మంటగా ఉండేది. రోజూ మజ్జిగన్నం ఆయనే కలిపి పెట్టేవారు, అందులో ఉప్పెప్పుడూ ఎక్కువే.

ఇప్పుడు బాగానే ఉన్నాను. జబ్బు మళ్లీ రాకుండా రోజూ టామాక్సిఫెన్ మాత్ర వేసుకుంటాను. ఉన్నట్టుండి ఒంట్లోంచి ఆవిర్లు వస్తాయి, చెమట పట్టేస్తుంది, అప్పుడు కస్టమర్లు కాస్త జాగ్రత్తగా ఉండాలి. ఏటా రాజమండ్రి వెళ్లి మామోగ్రామ్ తీయించుకుంటున్నాను. ఫిల్ములు, రిపోర్టు రెండూ చేతికొచ్చాకే ఆ ఊరు వదులుతాం.

ఈసారి తిరిగి వస్తుంటే మా ఆయన ఫిల్ము బస్సు కిటికీ వెలుతురుకి పెట్టి చూశారు. చూస్తూ ఉండగానే మొహం మాడిపోయింది. నేనూ చూశాను. ఎడమ పక్కనే, తెల్లటి చుక్క. రిపోర్టేమో ఇంగ్లీషులో ఉంది, అందులో ఏం రాశారో మా ఇద్దరికీ అర్థం కాలేదు. ఆయన చెయ్యి దాని దాకా పోయి ఆగిపోయింది. ఫిల్మును అంచులతో పట్టుకుని, అమలాపురం దాకా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నేను దారంతా మూడో కోతకి సిద్ధపడుతూనే ఉన్నాను.

డాక్టరు గారు ఫిల్ము తగిలించగానే, "ఇక్కడో చుక్క ఉందండి. నేను ముట్టుకోలేదండి" అన్నారు మా ఆయన. డాక్టరు గారు భూతద్దంతో చూశారు. తర్వాత దూదితో మెల్లగా ఒత్తారు. చుక్క దూదికి అంటుకుని వచ్చేసింది.

"ఇది దుమ్మేనండి" అన్నారు.

అక్కడే ఏడ్చాను, మా ఆయన్ని తిట్టాను కూడా. ఒక్క వేలితో పోయేదానికి నన్ను దారి పొడుగునా చంపారన్నాను. ఆయన ఆయ్, ఆయ్ అంటూ నిలబడ్డారు. నిజానికి ఆ రోజు ఆయన చేసిందే సరైన పని. అందుకే చదివే మీకు చెప్పేది ఇంతే: ఫిల్మూ రిపోర్టూ కలిపి తీసుకెళ్లి, మీకు వైద్యం చేసే డాక్టరుకి నేరుగా చూపించండి. దాని మీద దుమ్ముంటే, తుడిచే పని కూడా వాళ్లకే వదిలేయండి.